కారు పక్కన ఉండే చెట్టు, కరివేపాకు పక్కన ఉండే చెట్టు

(మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో, తోటపని మీద ఇష్టం ఉన్న తెలుగు కుటుంబాలు ఫిబ్రవరిలో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బయట ఇంత మంచు పెట్టుకుని, ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్లలో కరివేపాకు కుండీ ఉంది? చేతులు ఎత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. దాన్ని లోపలికి ఎప్పుడు తెచ్చారు? సెప్టెంబరులోనా? అవును, రాత్రుళ్లు చల్లబడగానే తెస్తాం. ఇప్పుడు అది కిటికీ దగ్గరో, బేస్‌మెంట్‌లో మొక్కల కోసం పెట్టే గ్రో లైటు కిందో ఉండి ఉంటుంది. ఇవాళ నేను చెప్పబోయేది ఇక్కడి చలిలో బోన్సాయ్, అంటే కుండీలో చిన్నగా ఉంచి పెంచే చెట్టు, గురించి. అంటే దాంట్లో సగం మీకు ముందే తెలుసు. మిగతా సగం నేను ఒక చెట్టును పోగొట్టుకుని నేర్చుకున్నాను. దాని సంగతి ముందు చెబుతాను.

ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం అది. డిసెంబరులో ఒక దుకాణంలో చిన్న బోన్సాయ్ కనబడింది, ఏడాదంతా పచ్చగా ఉండే జూనిపర్ అనే చెట్టుది. నీలం రంగు పళ్లెంలో, పక్కన గులకరాళ్లు పేర్చి, ఎంతో ముద్దుగా ఉంది. కిటికీలో పెట్టి వారానికోసారి నీళ్లు పోస్తే చాలన్నారు. తెచ్చి దేవుడి గది కిటికీలో, తులసి పక్కన పెట్టాను. రోజూ దీపం పెట్టేటప్పుడు దాన్నీ చూసుకునేవాణ్ణి. జనవరి అంతా పచ్చగానే ఉంది. ఫిబ్రవరిలో మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజు కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ఇది పోయి చాలా రోజులైంది నాయనా" అంది. నేను నమ్మలేదు. గోటితో బెరడు గీకి చూపించింది. లోపల ఆకుపచ్చ పొర ఉండాల్సిన చోట గోధుమ రంగు ఉంది.

జూనిపర్, పైన్ లాంటి చెట్లు చనిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే కనబడతాయి. వేర్లు పోయినా ఆకులకు ఆ సంగతి ఆలస్యంగా చేరుతుంది. నేను నెలరోజులకు పైగా చచ్చిపోయిన చెట్టుకు నీళ్లు పోశానన్నమాట. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీలో ఎవరికీ అది జరగకూడదనే ఇవాళ మాట్లాడుతున్నాను.

ఆ చెట్టు ఎందుకు పోయింది? నీళ్లు ఎక్కువై కాదు, తక్కువై కూడా కాదు. జూనిపర్‌కు ఎండ, గాలి, చలి కావాలి. అది ఆరుబయట చెట్టు. మన ఇంట్లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం, ఇల్లు వేడిచేసే ఫర్నేసు నుంచి వచ్చే పొడిగాలి, కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురు దానికి సరిపోవు. డిసెంబరు 21న ఇక్కడ పగలు 9 గంటలు కూడా ఉండదు. అదే రోజు హైదరాబాదులో 11 గంటలు ఉంటుంది.

ఇక్కడ నిద్ర గురించి చెప్పాలి. చలిదేశాల చెట్లు చలికాలంలో నిద్రపోతాయి. ఆగస్టు, సెప్టెంబరులో పగలు తగ్గుతుండగానే చెట్టుకు తెలిసిపోతుంది. పెరగడం ఆపేస్తుంది. కణాల్లో చక్కెరలు పోగుచేసుకుంటుంది. గడ్డకట్టే చలి వచ్చినప్పుడు కణంలోని నీరు బయటి సందుల్లోకి పోయి అక్కడ మంచుగా మారుతుంది, కణం మాత్రం చెడదు. ఈ ఏర్పాటంతా పూర్తవడానికి వారాలు పడుతుంది. అందుకే డిసెంబరు దాకా ఇంట్లో వెచ్చగా ఉంచిన చెట్టును ఒక్కసారిగా బయట పెడితే పోతుంది.

ఇంకో వైపు, ఆ చెట్ల మొగ్గలకు ఒక లెక్క ఉంటుంది. ఇన్ని వారాల చలి గడిస్తేనే అవి విచ్చుకుంటాయి. మామూలు ఆపిల్ రకాలు కాశ్మీరులో, హిమాచల్‌లో కాసినట్టు మన ఊళ్లలో కాయకపోవడానికి ఇదొక పెద్ద కారణం. మన దగ్గర వాటికి నిద్ర సరిపోదు. ఇక్కడ మనం అలాంటి చెట్టును వెచ్చని గదిలో పెట్టి ప్రేమగా చూసుకుంటున్నాం అనుకుంటాం. దానికి మాత్రం అది నిద్రలేని రాత్రి. ఒక ఏడాది ఎలాగో తట్టుకున్నా, రెండో ఏడాదికి పోతుంది.

మర్రి, రావి, కరివేపాకు, మల్లె ఇలా కాదు. వాటికి ఈ నిద్ర అక్కర్లేదు. చలి వాటికి చావే.

కాబట్టి మిన్నెసోటాలో బోన్సాయ్ మొదలుపెట్టే మనిషి ఏ చెట్టు అందంగా ఉందని చూసే ముందు, జనవరి నెలంతా ఈ చెట్టు మా ఇంట్లో ఎక్కడ ఉంటుంది అని అడగాలి. నా లెక్కలో రెండే చోట్లు. ఒకటి గరాజ్‌లో కారు పక్కన. రెండోది ఇంట్లో కరివేపాకు పక్కన. మీ దగ్గర ఏ చోటు ఉందో తేలాకే కొనడానికి వెళ్లండి.

ముందు కారు పక్కన ఉండే చెట్టు. ఇది నాకు ప్రాణం, కాస్త ఎక్కువసేపు మాట్లాడితే ఏమీ అనుకోకండి.

అమెరికా వ్యవసాయ శాఖ ఒక చలి పటం వేసింది. దేశాన్ని జోన్లుగా విడగొట్టి అంకెలు ఇచ్చింది, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. ప్రతి చలికాలంలో అన్నిటికన్నా చల్లని రాత్రిని తీసుకుని, 30 ఏళ్లకు సగటు కట్టి వేసిన పటం అది. 2023లో వచ్చిన కొత్త పటంలో మన మినియాపొలిస్, సెయింట్ పాల్ చాలావరకు 5ఏ జోన్‌లో ఉన్నాయి. అంటే సగటున మైనస్ 20 నుంచి మైనస్ 15 ఫారెన్‌హీట్. అంతకుముందు పటంలో మనది 4బీ. నర్సరీలో మొక్కకు కట్టిన చీటీ మీద "జోన్ 5" అని ఉంటే, సరే, మనకు పనికొస్తుంది అనుకుంటాం. అక్కడే చాలామంది మోసపోతున్నారు.

ఒకటి, అది సగటు. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 28 దాకా పోయింది. అప్పుడు ఇక్కడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. చీటీ మీది అంకె నేలలో నాటిన చెట్టుకు చెందింది. నేలలో వేర్ల మీద మట్టి ఉంటుంది, మట్టి మీద మంచు దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. పైన మైనస్ 20 ఉన్నా కింద అంత చలి ఉండదు. కుండీకి నాలుగు వైపుల నుంచీ చలే. పైగా ఏ చెట్టుకైనా కొమ్మలు తట్టుకున్నంత చలిని వేర్లు తట్టుకోలేవు. అందుకే కుండీ చెట్టుకు రెండు జోన్లు తగ్గించి చూసుకోండి. మనం ఉన్నది 5లో అయితే చీటీ మీద 3 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉండాలి.

అందరికీ ముందు నచ్చేది జపనీస్ మేపుల్. ఆ ఎర్ర ఆకు చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. నేలలోనే దానికి జోన్ 5 కావాలి. కుండీలో దాని వేర్లు చాలా సున్నితం. మొదటి చెట్టుగా మాత్రం వద్దు. మూడు నాలుగు చలికాలాలు వేరే చెట్లను దాటించిన తర్వాత ఆలోచించండి.

మరి ఏది? నా జవాబు టామరాక్. అమెరికన్ లార్చ్ అని కూడా అంటారు. ఇది మన పక్కింటి చెట్టు. ఉత్తరాన డులూత్ ఊరి వైపు వెళ్తుంటే రోడ్డు పక్క చిత్తడి నేలల్లో సన్నగా, నిటారుగా నిలబడి ఉంటాయి చూశారా, అవే. సూదుల్లాంటి ఆకులు ఉంటాయి, కానీ పైన్‌లా కాదు, శరదృతువులో రాల్చేస్తుంది. అక్టోబరులో ఆ ఆకు బంగారు రంగుకు తిరుగుతుంది. సాయంత్రం ఎండలో ఆ రంగు చూసినప్పుడల్లా నాకు మా ఊళ్లో కోతకొచ్చిన వరి గుర్తొస్తుంది. తర్వాత మొత్తం రాలిపోయి చలికాలమంతా బోడిగా ఉంటుంది. ఏప్రిల్‌లో చిన్న చిన్న కుచ్చుల్లా లేత ఆకుపచ్చ చిగురు వేస్తుంది. ముట్టుకుంటే పట్టులా మెత్తగా ఉంటుంది.

అలాస్కా దాకా పెరిగే చెట్టు ఇది. చీటీ మీద జోన్ 2 అని ఉంటుంది. మన రాష్ట్రంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 60 ఫారెన్‌హీట్, 1996 ఫిబ్రవరి 2న, ఉత్తరాన టవర్ అనే ఊళ్లో. అక్కడి అడవుల్లో టామరాక్‌లు ఉన్నాయి, ఆ రాత్రి తర్వాత కూడా ఉన్నాయి.

కొత్తవాళ్లకు ఇది ఇంకో రకంగా కూడా మంచిది. మనం చేసే తప్పుల్లో పెద్దది నీళ్లు ఎక్కువ పోయడం. ఇది చిత్తడి నేల చెట్టు కాబట్టి ఆ తప్పును చాలావరకు క్షమిస్తుంది. ఎండిపోవడాన్ని మాత్రం క్షమించదు. జులైలో 90 డిగ్రీలు ఉన్నప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయాల్సి వస్తుంది. కుండీ వేడెక్కకుండా దాని మీద కాస్త నీడ పడేలా పెట్టండి. ఆకారం కోసం చుట్టే లోహపు తీగకు కొమ్మలు చక్కగా వంగుతాయి. ఆకులు లేనప్పుడు తీగ చుడితే కొమ్మ తీరు అంతా కళ్లకు కనబడుతుంది. కుండీ మార్చడం మొగ్గల కొసలు పచ్చబడే సమయంలో, చిగురు విచ్చుకోకముందే చేయాలి. ఆ పది రోజులు దాటిపోతే వచ్చే ఏడాది దాకా ఆగండి.

గరాజ్‌లో ఎలా పెట్టాలో చెబుతాను. ఆకు రాలిపోయాక కూడా చెట్టును వెంటనే లోపలికి తేకండి. కొన్ని వారాలు బయటి చలిని చూడనివ్వండి. రాత్రుళ్లు వరసగా 20 ఫారెన్‌హీట్ కిందకి పోవడం మొదలయ్యాక తెచ్చి, ఇంటి గోడకు ఆనుకున్న వైపు నేల మీద పెట్టండి. ఆకులు లేవు కాబట్టి వెలుతురు అక్కర్లేదు. చీకట్లో ఉన్నా ఫరవాలేదు. రాత్రి ఎంతకు పడిపోయిందో, పగలు ఎంతకు ఎక్కిందో గుర్తుపెట్టుకునే చిన్న థర్మామీటర్లు దొరుకుతాయి, ఒకటి కొని పక్కన పెట్టండి. అక్కడ 20కీ 40కీ మధ్య ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. రెండు మూడు వారాలకోసారి కుండీ మీద గుప్పెడు మంచు వేయండి. అది మెల్లగా కరిగి నీరవుతుంది. మా అమ్మాయికి ఐదేళ్లప్పటి నుంచి ఆ పని దానిదే, శనివారం పొద్దున్నే చిన్న గిన్నె పట్టుకుని పోతుంది.

జనవరి కన్నా మార్చి నెలకు ఎక్కువ భయపడాలి. మధ్యాహ్నం ఎండకు గరాజ్ 50కి ఎక్కుతుంది. వసంతం వచ్చిందనుకుని చెట్టు ఆ చీకట్లోనే మొగ్గలు విప్పేస్తుంది. పాలిపోయిన, బలం లేని చిగుర్లు వస్తాయి. అప్పుడు బయట పెడితే మంచుకు మాడిపోతాయి. లోపలే ఉంచితే వెలుతురు లేక నీరసిస్తాయి. కాబట్టి మార్చిలో వీలైనంత చల్లని మూలకు జరపండి. మొగ్గ ఉబ్బగానే పగలు బయట, గడ్డకట్టే రాత్రి లోపల పెట్టండి. మేలో మంచు భయం తీరేదాకా ఈ తిప్పలు తప్పవు. ఒక చెట్టుకు అది పెద్ద పనేమీ కాదు. పది చెట్లు కొనుక్కుంటే మాత్రం నడుం పడిపోతుంది, మొదటి ఏడాది ఒకటే కొనండి.

పెరడు ఉన్నవాళ్లు ఇంటికి ఉత్తరం వైపు కుండీని అంచు దాకా నేలలో పాతి, పైన ఎండుటాకులు కప్పి కూడా చలికాలం దాటించొచ్చు. చుట్టూ సన్నకళ్ల ఇనుప వల కట్టడం మరచిపోకండి. మన కుందేళ్లకు జనవరిలో తినడానికి ఏమీ దొరకదు. బెరడు చుట్టూ కొరికేస్తే ఆ పైభాగమంతా పోయినట్టే. ఇది కూడా ఒక చెట్టు పోయాకే నాకు తెలిసింది.

టామరాక్ దొరక్కపోతే ముగో పైన్ తీసుకోండి. గట్టిది, అన్ని నర్సరీల్లో ఉంటుంది. ఇది ఆకు రాల్చదు కాబట్టి గరాజ్‌లో కాస్త వెలుతురు ఉంటే మేలు. సైబీరియన్ ఎల్మ్ ఇక్కడ కలుపులా ప్రహరీల పక్కనే మొలుస్తుంది. పక్కింటివాళ్లను అడిగి తవ్వుకుంటే వాళ్లే సంతోషిస్తారు. పూలు కావాలంటే క్రాబ్ ఆపిల్. జూనిపర్ చెడ్డ చెట్టు కాదు, ఆరుబయట ఉంచితే బాగానే బతుకుతుంది. కానీ బాగా ఉందో లేదో అది త్వరగా చెప్పదు. తన బాధను వెంటనే చూపించే చెట్టు కొత్తవాళ్లకు మంచి గురువు. అందుకే జూనిపర్‌ను రెండో చెట్టుగా పెట్టుకోమంటాను.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ల సంగతి. గరాజ్ లేదు, ఉన్నా అందరిదీ కలిపి ఉంటుంది. బాల్కనీ ఉంది కదా అనుకుంటారు. చలికాలంలో బాల్కనీ అన్నిటికన్నా కష్టమైన చోటు. కింద నుంచి కూడా గాలి కొడుతుంది. మీకు కరివేపాకు పక్కన ఉండే చెట్టే సరైనది, అందులో నా మొదటి మాట ఫైకస్.

ఫైకస్ అంటే మన మర్రి, రావి, జువ్వి కుటుంబమే. కొమ్మ కోస్తే మర్రికి వచ్చినట్టే పాలు వస్తాయి. బోన్సాయ్‌కి ఎక్కువగా వాడేది చిన్న ఆకుల ఫైకస్ మైక్రోకార్పా. దుకాణాల్లో కింద దుంపల్లాంటి లావు వేర్లతో, పైన వేరే రకం కొమ్మలు అంటుకట్టి అమ్ముతారు. అది కూడా బతుకుతుంది గానీ, చెట్టులా కనబడేది కావాలంటే మామూలు మొదలు ఉన్నదాన్ని వెతకండి. మొదలు కింద వేర్లు నాలుగు వైపులా నేలను పట్టుకున్నట్టు పరుచుకుని ఉండాలి. కొమ్మలు తర్వాత పెంచుకోవచ్చు. మొదలును మాత్రం రాత్రికి రాత్రి తేలేం.

ఇంటి పొడిగాలిని ఫైకస్ బాగానే తట్టుకుంటుంది. వెలుతురు తక్కువైతే తట్టుకోదు. గ్రో లైటు రోజుకు 12 గంటలకు తగ్గకుండా వెలగనివ్వండి. చోటు మార్చినప్పుడు ఆకులు రాల్చేస్తుంది, అప్పుడు కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి. వేలు మట్టిలోకి ఒక కణుపు లోతు పెట్టి చూసి, పైపైన ఆరినట్టు అనిపిస్తేనే నిండుగా పోయండి. వారానికోసారి అన్న లెక్క పెట్టుకోకండి. కరివేపాకుకు పట్టే పొలుసు పురుగు, ఎర్ర నల్లి దీనికీ పడతాయి, కాబట్టి రెండిటి ఆకుల అడుగున ఒకేసారి చూసుకోండి. వేసవిలో రాత్రుళ్లు 55 దాటి నిలకడగా ఉన్నప్పుడు బయట పెట్టండి. మీ కరివేపాకుతో పాటే బయటికి, దానితో పాటే లోపలికి.

దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన చిన్నాకు జేడ్ కూడా మంచిదే. తరచూ ఇండియా వెళ్లొచ్చేవాళ్లకు అదే తగినది, మూడు వారాలు నీళ్లు లేకపోయినా ఓర్చుకుంటుంది. చిన్న తెల్ల పూలు పూసే సెరిస్సా అనే మొక్కను బహుమతిగా ఇవ్వడానికి చాలామంది కొంటారు. ప్రతి చిన్న మార్పుకూ అలుగుతుంది, కొత్తవాళ్లకు ఇవ్వకండి.

వెనక కూర్చున్న అమ్మగారు ఏదో అడుగుతున్నారు. చెప్పండమ్మా. చెట్టును అలా మరుగుజ్జును చేయడం హింస కాదా అంటున్నారు. మంచి ప్రశ్న. మా అమ్మా ఇదే అడిగింది. తిండి పెట్టకుండా, నీళ్లు పోయకుండా చిన్నగా ఉంచుతారని చాలామంది అనుకుంటారు. నిజానికి కుండీ చెట్టుకు నేలలోని చెట్టు కన్నా ఎక్కువ ఎరువు వేస్తాం. చిన్నగా ఉండటం అంటే పెరిగినప్పుడల్లా కొసలు కత్తిరించడం, వేర్లను కొన్నేళ్లకోసారి సవరించడం, అంతే. వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక జపాన్ తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. హిరోషిమాలో యమాకి అనే కుటుంబం దాన్ని పెంచింది. 1945లో అణుబాంబు పడ్డ రోజున అది వాళ్ల తోటలో గోడ చాటున ఉండి బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చారు. బాంబు సంగతి ఆయన చెప్పనేలేదు, 2001లో మనవలు వచ్చినప్పుడే అక్కడివాళ్లకు తెలిసింది. 400 ఏళ్లు తరతరాల చేతులు రోజూ నీళ్లు పోస్తే బతికిన చెట్టది. దాన్ని హింస అనడానికి నాకు నోరు రాదమ్మా.

ఇంకెవరో బోన్సాయ్ అని రాసి అమ్మే విత్తనాల పెట్టె గురించి అడిగారు. బోన్సాయ్ విత్తనం అని వేరే ఉండదు. మామూలు చెట్ల విత్తనాలే అవి. మొలిపించడం సరదాగానే ఉంటుంది, కానీ మొదలు వేలంత లావు కావడానికే ఏళ్లు పడుతుంది. పిల్లలకు కొనండి. మీకోసం మాత్రం నర్సరీకి వెళ్లి 20, 30 డాలర్లలో మొదలు లావుగా ఉన్న మొక్క తెచ్చుకోండి. కొనే ముందు ఒకసారి కోమో పార్కు కన్సర్వేటరీకి, అంటే అక్కడి అద్దాల తోటకు వెళ్లి అక్కడి బోన్సాయ్‌లు చూడండి. ఇక్కడ మిన్నెసోటా బోన్సాయ్ సొసైటీ కూడా ఉంది, మన చలిలోనే చెట్లు పెంచుతున్న మనుషులు వాళ్లు. ఎక్కడో వెచ్చని రాష్ట్రంలో తీసిన వీడియోలు చూడటం కన్నా వాళ్లతో గంట మాట్లాడటం మేలు.

చివరగా ఒక పని మాట. కౌంటీ నేల, నీటి సంరక్షణ శాఖల వాళ్లు ప్రతి వసంతంలో నారు మొక్కలను కట్టలుగా అమ్ముతారు. నేను టామరాక్ ఒక కట్ట తెప్పిస్తున్నాను, 25 ఉంటాయి. పెన్సిలంత సన్నంగా ఉంటాయి. నాలుగైదేళ్లు పెరట్లో నేలలో పెరిగితే అప్పుడు మొదలు లావెక్కి కుండీకి వస్తాయి. నాకు ఐదు చాలు, మిగతా 20 ఇక్కడున్నవాళ్లకే. కావలసినవాళ్లు ఆ బల్ల మీది కాగితంలో పేరు రాయండి. తర్వాత, ఈ వారం రోజుల్లో మీ గరాజ్‌లో రాత్రిపూట ఎంత చలి ఉందో చూసి ఆ అంకె కూడా నాకు రాసి పంపండి. మీ చెట్టు నేలలోంచి కుండీలోకి వచ్చే నాటికి దాన్ని గరాజ్‌లో ఏ మూల పెట్టాలో నేను మీ ఇంటికే వచ్చి చూసి చెబుతాను.